ఎం.ఏ.కి ముందు ఏడాది: హిస్టరీ చదివినవాళ్లకి తాడేపల్లిలో పని

బి.ఏ. హిస్టరీ అయిపోయింది. ఎం.ఏ. వచ్చే ఏడు. ఈలోగా ఇంటికి నాలుగు రూపాయలు కావాలి. తాడేపల్లి, మంగళగిరి పిల్లలు చాలామంది ఇలాంటప్పుడు కృష్ణ దాటి బెజవాడ షోరూముల్లో చేరిపోతారు. తప్పేం కాదు. కానీ మీ చదువు అక్కరకొచ్చే పని ఇటువైపే ఉంది, ముందు ఇక్కడ అడగండి.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది భూముల కేసులు చూసే వకీలు ఆఫీసు. రాజధాని ప్రాంతంలో స్థలం చేతులు మారాలంటే లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం పాత దస్తావేజులు, తిరగేసేవాళ్లు కావాలి. పాత దస్తావేజు ఒకటి తీయండి. గొలుసుకట్టు రాత, తేదీ దగ్గర ‘ఫసలీ 1349’. దానికి 590 కలిపితే 1939. ఆ జులైలో మొదలైన రెవెన్యూ సంవత్సరమన్నమాట. కింద హద్దులు: తూర్పున డొంక, పడమర ఫలానావారి చేను. అమ్మినవాడికి ఆ చేను ఎలా సంక్రమించింది? పిత్రార్జితమా, ఇనామా? అన్నదమ్ములందరూ సంతకం పెట్టారా? దస్తావేజునీ, అడంగల్‌నీ (ఊరి సాగు లెక్క), ఈసీనీ (రిజిస్టరైన లావాదేవీల జాబితా) పక్కపక్కన పెట్టి ఎక్కడ పొంతన లేదో పట్టుకోవాలి. రేపు ఎం.ఏ.లో ఆధారాల పరిశీలన పేరుతో చేసేదీ ఇదే.

వెళ్లి ‘ఉద్యోగం ఉందా సార్’ అనకండి. ‘పాత దస్తావేజులు చదివి సారాంశం రాసిస్తానండీ, ఒకటిచ్చి చూడండి’ అనండి. కక్షిదారుల కాగితాలు ఫోన్లో ఫొటో తీసుకోవద్దు, బయట మాట్లాడొద్దు.

జీతానికి చేసే పనిలోనే చరిత్రకారులు తయారైన సంగతి మనకి కొత్త కాదు. మల్లంపల్లి సోమశేఖర శర్మ గారు చిలకమర్తి వారి ‘దేశమాత’ పత్రికలో, తర్వాత మద్రాసులో కొమర్రాజు వారి విజ్ఞాన సర్వస్వంలో పనిచేశారు. మన కొండవీటి రెడ్ల పాలనపై ఆయన రాసిన చరిత్రను 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అచ్చువేసింది.

రెండో దారి కోచింగ్ సెంటర్లు, మెటీరియల్ అచ్చువేసేవాళ్లు. గ్రూప్‌-2 మెయిన్స్‌లో ఆంధ్రప్రదేశ్ సాంఘిక, సాంస్కృతిక చరిత్రకే 75 మార్కులు. పాత మెటీరియల్‌లో తప్పుల్ని గుర్తించి, దిద్ది చూపించండి. పేజీకి ఎంతో, ఎప్పుడిస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి. ఉండవల్లి గుహల దగ్గర గైడుగా చేయాలనుంటే, అది పురావస్తు శాఖ రక్షిత కట్టడం కాబట్టి అనుమతి సంగతి ముందు ఆ శాఖ ఆఫీసులో కనుక్కోండి. మ్యూజియం ఉద్యోగాలకి ఎక్కువగా ఎం.ఏ. అడుగుతారు, ఆ నోటిఫికేషన్ కోసమే ఏడాదంతా ఆగొద్దు. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బడిగేవాళ్ల గుమ్మం తొక్కకండి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మీద ఆశ ఉంటే సీయూఈటీ పీజీకి చలికాలం నుంచే వెబ్‌సైట్ చూస్తుండాలి. పరీక్ష మామూలుగా మార్చిలో ఉంటుంది. నాగార్జున యూనివర్సిటీకైతే ఏపీ పీజీసెట్. చేరేరోజే యజమానికి చెప్పండి, పరీక్ష రోజులకి సెలవు కావాలని. మానేసే ముందు ఏ పని చేశారో వివరంగా రాసిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తీసుకోండి.