మండపమునకు దేహోపమానము

విద్యాలయ ప్రాంగణమున మనుష్యదేహమును ఆదర్శముగా గొని మండపము కట్టదలచువారు ముందుగా ఒక సంగతి గుర్తింపవలెను. మన శిల్పశాస్త్రము దేహమునుండి గ్రహించినది అవయవముల ఆకారమును గాదు, వాని పనిని.

ద్రావిడ విమానమునకు అంగములు 6: అధిష్ఠానము, పాదము, ప్రస్తరము, గ్రీవము, శిఖరము, స్తూపి. మండపమునకు మొదటి మూడే చాలును. ఇందు పాదమనగా స్తంభము, లేదా గోడ. దానికి మడమ లేదు, వ్రేళ్లు లేవు. పైభారమును మోసి క్రిందికి దింపును గనుక పాదమైనది. గ్రీవమును అట్లే. కంఠము సన్నగిల్లినందుననే కదా తల వేరుగా కనబడుట!

పాశ్చాత్యులకును ఈ దృష్టి కలిగినది. జ్యూరిచ్ నగరమున శరీరశాస్త్రజ్ఞుడు హెర్మన్ మేయర్ తొడయెముక పైకొనను నిలువుగా కోసి, లోపలి సన్నని ఎముకపోగుల వరుసలను పరిశీలించెను. ఆ వరుసలు తాను భారవాహక నిర్మాణములకు గీయు బలరేఖలను పోలియున్నవని ఇంజనీరు కార్ల్ కల్మన్ గుర్తించెను. మేయర్ 1867లో దీనిని ప్రకటించెను. బరువు నడచు దారియందే ఎముక దట్టము, తక్కినచోట సందులే.

స్తంభమును చేతివలె మలచి వ్రేళ్లతో కప్పు పట్టించుట నాకు రుచింపదు. అది బొమ్మలకొలువు, దాని క్రింద పిల్లలు కూర్చుండవలెను. స్తంభాగ్రమున బోదికను ఇరుప్రక్కలకు చాచినచో దూలమునకు ఆధారములేని దూరము తగ్గును. తొడయెముక మెడ ప్రక్కకు వంగి మొండెపు బరువును అందుకొనుటయు ఈ తరహాయే. నడుమ స్తంభములు తగ్గింపదలచినవారు ముందు ఈ బోదిక లెక్క సరిచూచుకొని, పిదప అలంకారము తలపెట్టవలెను.