చీటీ పారేయకండి

మా రాత్రి బడికి ఒక అప్ప వచ్చేది. సాలూరు దగ్గరి పల్లె. పలక మీద పేరు రాయడం నేర్చింది. అంకెలు, తేదీలు చదవడం నేర్చింది. ఒక రాత్రి పాఠం అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఆమె కూర్చుండిపోయింది.

"ఏటప్పా, ఇంటికి ఎల్లవా?" అన్నాను.

"మేస్టారూ, మా పెద్దోడు జొరంతో పోనాడు. డబ్బులు కట్టి ఆసుపత్రిలో సేర్సినాం. నాలుగు రోజులు సూదులేసినారు. ఏ జొరమో సెప్పలేదు. తప్పు ఆళ్ళదో, మా రాతో తెలీదు. అడగడానికి దారుందా?"

"ఆసుపత్రి కాగితాలు ఉన్నాయా?"

"నేవు బావూ. సదవడం రాదు కదా. ఎందుకని పొయ్యిలో ఎట్టేసినాను."

ఆమెకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. మరొకరికి ఇలా జరగకూడదని ఈ పాఠం రాస్తున్నాను.

1. హైదరాబాదులో జరిగిన సంగతి

మన సాలూరు, పాచిపెంట కొండ ఊళ్ళకి మలేరియా కొత్త కాదు. చలి పెట్టి, వణికించి వచ్చే జ్వరం మనకి తెలుసు. అలాంటి జ్వరమే 2002లో హైదరాబాదులో ఒకామెకి వచ్చింది. ఆమె భర్త కిషన్‌రావు. ఆయన మలేరియా శాఖలోనే ఉద్యోగి. జూలై 20న ఆమెని నిఖిల్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో చేర్చాడు. అక్కడ టైఫాయిడ్‌కి మందులు ఇచ్చారు. జ్వరం తగ్గలేదు. జూలై 24న ప్రాణం మీదికి వచ్చాక యశోద ఆసుపత్రికి పంపారు. అక్కడ రక్తం పరీక్ష చేశారు. టైఫాయిడ్ లేదని తేలింది. మలేరియా ఉందని తేలింది. కాని అప్పటికే ఆలస్యం అయిపోయింది. ఆమె చనిపోయింది.

కిషన్‌రావు జిల్లా వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు చేశాడు. రక్తపరీక్ష ఫలితం ఉంది. రెండో ఆసుపత్రి డాక్టరు సాక్ష్యం ఉంది. వాటిని చూసి ఫోరం 2 లక్షల రూపాయలు నష్టపరిహారం ఇమ్మంది. ఆసుపత్రికి కట్టిన 10 వేలు కూడా తిరిగి ఇమ్మంది.

ఆసుపత్రి పై కోర్టుకి వెళ్ళింది. "నిపుణుడైన డాక్టరు చేత చెప్పించలేదు కదా" అని రాష్ట్ర కమిషన్ ఆ తీర్పు కొట్టేసింది. ఢిల్లీలోని జాతీయ కమిషన్ కూడా అదే మాట అంది. ఆయన వదలలేదు. సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. తప్పు కళ్ళకి కనబడుతూ ఉంటే ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కరలేదు అంది. డబ్బు ఇవ్వాల్సిందే అంది.

దీనికి దాదాపు ఎనిమిదేళ్ళు పట్టింది. పోయిన మనిషి తిరిగి రాలేదు. కాని తప్పు తప్పేనని దేశమంతా తెలిసింది. ఇప్పుడు ఇలాంటి కేసులలో వకీళ్ళు ఆ తీర్పునే చూపిస్తున్నారు.

2. ప్రతి చావూ డాక్టరు తప్పా?

కాదు. మంచి వైద్యం చేసినా ఒక్కొక్కసారి మనిషి దక్కడు. అది నిర్లక్ష్యం కాదు. అదే చదువు చదివిన మామూలు డాక్టరు ఎవరైనా తీసుకునే జాగ్రత్త తీసుకోకపోతే, దానివల్ల మనిషికి హాని జరిగితే, అది నిర్లక్ష్యం.

కోపంతో ఆసుపత్రి అద్దాలు పగలగొట్టకండి. డాక్టరు మీద చెయ్యి చేసుకోకండి. అప్పుడు కేసు మన మీద పడుతుంది. మన న్యాయం మరుగున పడిపోతుంది.

3. చట్టం ఏమంటుంది?

డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నవాడు కూడా వినియోగదారుడే. సుప్రీంకోర్టు 1995లో ఈ మాట చెప్పింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. వెనకటి జిల్లా ఫోరాన్ని ఇప్పుడు జిల్లా కమిషన్ అంటున్నారు.

అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆసుపత్రికి ఈ చట్టం వర్తించదు. అయినా దారి మూసుకుపోలేదు. కలెక్టరుగారికి అర్జీ పెట్టవచ్చు. సివిల్ కోర్టుకి వెళ్ళవచ్చు.

4. మనం ఏం చెయ్యాలి?

• డబ్బు కట్టిన ప్రతిసారీ రసీదు అడగండి.
• "ఏ జబ్బు? ఏ పరీక్ష చేశారు?" అని అడగండి. చీటీ మీద రాయమనండి.
• చీటీలు, పరీక్షల కాగితాలు, మందుల బిల్లులు ఒకే సంచిలో దాచండి.
• కేసు షీటు నకలు కావాలని కాగితం మీద రాసి అడగండి. 72 గంటల లోపల ఇవ్వాలని వైద్య మండలి నియమం ఉంది.
• రెండేళ్ళ లోపల ఫిర్యాదు చెయ్యండి. చనిపోయిన వారి భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు చెయ్యవచ్చు.
• ఆసుపత్రికి కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే కమిషన్‌కి ఫీజు లేదు. వకీలు లేకపోయినా ఫిర్యాదు తీసుకుంటారు.
• వకీలు కావాలంటే ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆడవాళ్ళకి, గిరిజనులకి, షెడ్యూల్డు కులాల వారికి ఆదాయం ఎంతని చూడరు. ఫోను నంబరు 15100. వినియోగదారుల సలహాకి 1915.

ఇప్పుడు ఆ అప్ప ఇంట్లో గోడ మేకుకి ఒక గుడ్డ సంచి వేలాడుతోంది. మనవరాలి టీకాల కార్డు, కోడలి మందుల చీటీలు, రసీదులు అన్నీ అందులోనే ఉన్నాయి. మొన్న మనవరాలికి జ్వరం వచ్చింది. ఆమె ఆసుపత్రికి వెళ్ళి, "రగతం సూసినారా? మలేరియానా, కాదా? కాగితం ఇవ్వండి" అని అడిగిందట. ఇచ్చారట. ఆ కాగితం బడికి తెచ్చి, తేదీ తనే చదివి వినిపించింది.

కొత్త మాటలు
నిర్లక్ష్యం: తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోకపోవడం
నష్టపరిహారం: జరిగిన నష్టానికి ఇచ్చే డబ్బు
సాక్ష్యం: జరిగింది నిజమని చూపించే మాట, కాగితం
నకలు: అసలు కాగితం లాంటి ఇంకో కాగితం

జవాబులు రాయండి
1. హైదరాబాదులో ఆమెకి వచ్చింది ఏ జబ్బు? మందులు ఏ జబ్బుకి ఇచ్చారు?
2. ఎన్నేళ్ళ లోపల ఫిర్యాదు చెయ్యాలి?
3. మీ ఇంట్లో ఉన్న ఒక ఆసుపత్రి చీటీ తెచ్చుకోండి. దాని మీద ఉన్న పేరు, తేదీ చూసి రాయండి.