కారు నచ్చకపోవడం వేరు, కారులో లోపం వేరు

కొత్త కారు కొనాలనుకున్న మనిషి చుట్టూ సలహాదారులకు కొదవుండదు. ఒకాయన క్రాష్ టెస్టులో ఎన్ని స్టార్లొచ్చాయని అడుగుతాడు. పక్కనున్నాయన డోరు వేసి, ఆ చప్పుడును బట్టే బండి గట్టిదో కాదో తేల్చేస్తాడు. ఇంకొకాయనకు లీటరుకు ఎంతిస్తుంది, అయిదేళ్ల తర్వాత అమ్మితే ఎంతొస్తుంది అన్నవి తప్ప మిగతావేవీ పట్టవు. తెల్లవార్లూ సాగినా తెగని వాదనలివి, మంచి కాలక్షేపం కూడా. చిక్కల్లా ఆ కబుర్లలోని మాటలతోనే వినియోగదారుల కమిషన్ మెట్లెక్కినప్పుడు వస్తుంది. పికప్ లేదు, స్టీరింగ్ బరువుగా ఉంది, వెనక సీట్లో కుదుపులు అని ఫిర్యాదు రాస్తే, అవన్నీ టెస్ట్ డ్రైవ్‌లో చూసుకునే కొన్నారు కదా అని అవతలి వకీలు ఒక్క ముక్కలో కొట్టేస్తాడు.

మరి చట్టం దృష్టిలో లోపమంటే ఏది? వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నాణ్యతలో గానీ, ప్రమాణంలో గానీ ఉండాల్సిన దానికంటే తక్కువ ఉంటే అది లోపం. ఎంత ఉండాలో మూడు వైపుల నుంచి చూస్తారు: అమల్లో ఉన్న చట్టం ఏం చెప్పింది, మీ ఒప్పందంలో ఏముంది, అమ్మినవాళ్లు తమ సరుకు గురించి తాము ఏం చెప్పుకున్నారు. జనం పట్టించుకోనిది ఈ మూడోదే. షోరూమ్‌లో ఇచ్చిన రంగురంగుల బ్రోచరు, సేల్స్ కుర్రాడు వాట్సాప్‌లో పంపిన ఫీచర్ల జాబితా, ఆ రోజు పేపర్లో వచ్చిన ప్రకటన, అన్నీ సాక్ష్యాలే. కారు ఇంటికొచ్చాక వాటిని చెత్తలో వేయకండి.

మైలేజీ సంగతి చూడండి. కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాల పరీక్షలో వచ్చింది. పంజాగుట్ట ట్రాఫిక్‌లో గానీ, బెంజి సర్కిల్ దగ్గర గానీ అంత రాదు. రెండు మూడు కిలోమీటర్లు తగ్గిందని కేసు వేస్తే నిలవడం కష్టం. కానీ తేడా మరీ దారుణంగా ఉంటే కథ మారుతుంది. లీటరుకు 32 కిలోమీటర్లు అని ప్రచారం చేసిన ఒక డీజిల్ కారు మీద కేరళలోని త్రిశూర్ జిల్లా కమిషన్ 2022లో కొనుగోలుదారుకు 3 లక్షల పైచిలుకు ఇప్పించింది. అక్కడ పనిచేసింది ఆ యజమాని ఆవేశం కాదు. కమిషన్ నియమించిన నిపుణుడు బండిని నడిపించి, చెప్పినదానికంటే దాదాపు 40 శాతం తక్కువ ఇస్తోందని నివేదిక ఇచ్చాడు. చట్టంలోని 38వ సెక్షన్ ఇందుకు వీలిస్తుంది. పరీక్ష చేస్తే తప్ప తేలని లోపమైతే, వాహనాన్ని తగిన ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. ఆ ఖర్చు ముందుగా మీరే కట్టాల్సి రావచ్చు. దానికి వెనుకాడి ఓడిపోయేవాళ్లే ఎక్కువ.

స్టార్ల గురించి ఒక్కమాట. క్రాష్ టెస్టు చేసి కార్లకు స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. అందులో పాల్గొనడం కంపెనీల ఇష్టం. స్టార్లు తక్కువొచ్చాయని కారులో లోపముందనలేం. రాని స్టార్లను వచ్చినట్టు ప్రకటించుకుంటే మాత్రం అది తప్పుదోవ పట్టించే ప్రకటన, దానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు.

ఇప్పుడు అసలు విషయం, సర్వీస్ సెంటర్‌లో మీ ఫిర్యాదు రాసుకునే జాబ్ కార్డు. గేర్‌బాక్స్ చప్పుడు చేస్తోందని సర్వీస్ సెంటర్‌కు నాలుగుసార్లు తిరిగానంటారు. కాగితాలు తెప్పించి చూస్తే నాలుగింటిలోనూ "జనరల్ చెకప్" అనే ఉంటుంది. సర్వీస్ అడ్వైజర్ మీ మాట విని తలాడించి, తనకు అలవాటైన నాలుగు ముక్కలు టైపు చేస్తాడు. మీరు చదవకుండానే సంతకం పెడతారు. బండి తిరిగి తీసుకునేటప్పుడు ఇంకో సంతకం, పూర్తిగా తృప్తి చెందానని. రేపు కంపెనీ వకీలు ముందుగా చూపించేది ఆ కాగితమే. కాబట్టి సమస్య ఏమిటో మీ మాటల్లో, ఏ స్పీడులో, ఏ గేరులో వస్తోందో జాబ్ కార్డులో రాయించండి. తగ్గకపోతే తృప్తి కాగితం మీదే "సమస్య ఇంకా ఉంది" అని రాసి సంతకం చేయండి. రాయనివ్వకపోతే ఆ సాయంత్రమే ఈమెయిల్ పెట్టండి.

తయారీ లోపం రుజువైతే కొత్త కారే ఇస్తారా? అందరూ ఆశించేది అదే, అరుదుగా దక్కేదీ అదే. క్లచ్ సమస్య మీద వచ్చిన మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది: వారంటీ షరతు పాడైన భాగాన్ని మార్చిస్తామన్నప్పుడు మొత్తం కారునే మార్చమనడం కుదరదు. దీనికి అవతలి కొసన 2022 నాటి హ్యుందాయ్ తీర్పుంది. 2015లో కొన్న క్రెటా 2017లో ఢిల్లీ–పానిపట్ హైవే మీద ప్రమాదానికి గురైంది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. తగినంత బలంగా గుద్దుకుంటేనే అవి తెరుచుకుంటాయని కంపెనీ వాదన. వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టడానికి కొనుగోలుదారు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని కోర్టు తేల్చి, పరిహారంతో పాటు కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్నీ నిలబెట్టింది. ప్రాణరక్షణ కోసమని చెప్పి అమ్మిన పరికరం అవసరానికి పనిచేయకపోతే, ఆ లోపాన్ని కోర్టులు క్లచ్ చప్పుడుతో సమానంగా చూడవు. నా మటుకు నాకు ఈ తేడా సబబే అనిపిస్తుంది.

ఎవరి మీద కేసు వేయాలన్నది కూడా ఆలోచించాలి. గోవాలో ఒక డీలరు అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిన 2009 మోడల్ కారును 2011 మోడల్‌గా అంటగట్టాడు. డీలరు చేసిన ఆ మోసం తయారీ కంపెనీకి తెలుసనే ఆధారం లేదు కాబట్టి, కంపెనీని బాధ్యురాలిని చేయలేమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. డీలరునూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి, కానీ ఎవరి తప్పు ఏదో విడివిడిగా రాయండి. డెలివరీ రోజున పూలదండ ఫొటో కంటే ముందు మీటర్‌లో కిలోమీటర్లూ, కాగితాల్లో తయారైన నెలా సంవత్సరమూ చూసుకోండి.

ఒకే మోడల్‌లో అందరికీ అదే జబ్బు కనిపిస్తే దారి వేరు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేర్చిన 110ఎ సెక్షన్ కింద, పర్యావరణానికో ప్రయాణికులకో ప్రమాదకరమైన లోపముంటే వాహనాలను వెనక్కి పిలిపించే (రీకాల్) అధికారం కేంద్రానికి ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇందుకు నిబంధనలు అమల్లోకి వచ్చాయి. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. రీకాల్ ఉత్తరం పాత యజమానికే వెళ్లవచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లో చాసిస్ నంబరు కొట్టి చూసుకోండి.

కారు మీద ప్రేమ ముదిరి మార్పులకు దిగేవారికి ఓ హెచ్చరిక. కంపెనీ అసలు స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. అంతకంటే ఖరీదైన నష్టం ఇంకొకటుంది. బయట వైరింగ్ కోయించి పెద్ద లైట్లు పెట్టించుకున్న కారులో రేపు విద్యుత్ లోపమొస్తే, అది తయారీ లోపమని మీరు ఎంత మొత్తుకున్నా కంపెనీ చూపించేది ఆ కోసిన వైరునే.

ఫిర్యాదు వేయడం అనుకున్నంత భారం కాదు. కారు హైదరాబాద్‌లో కొన్నా, మీరుండేది నిజామాబాద్‌లో అయితే అక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే చూస్తుంది. ధర 5 లక్షల దాకా రుసుము లేదు, 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. కారణం తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించినా, నోటీసు పంపినా, కొన్ని అక్కడే తేలిపోతాయి. సొంత బతుకుదెరువు కోసం తానే నడుపుకునే ట్యాక్సీ యజమాని కూడా వినియోగదారుడే. కేసు నడుస్తోంది కదా అని ఈఎంఐ ఆపొద్దు. బ్యాంకుతో మీ ఒప్పందం వేరే, ఆపితే కారు పోతుంది.

చివరగా, చాలామంది అడిగేది. కారు బాగోలేదని నలుగురిలో చెబితే పరువునష్టం కేసు పెడతారా? నోటీసు రావచ్చు, బెదరనక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రజాహితం కోసం చెప్పిన నిజానికీ, సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయానికీ మినహాయింపులిచ్చింది. "ఎనిమిది నెలల్లో గేర్‌బాక్స్ రెండుసార్లు విప్పారు" అనేది మీ దగ్గర కాగితమున్న నిజం. "వీళ్లు తెలిసే జనాన్ని చంపుతున్నారు" అనేది మీరు రుజువు చేయాల్సిన ఆరోపణ. మొదటిది ధైర్యంగా చెప్పండి, రెండోది మానుకోండి. జాబ్ కార్డు ఫొటో పెట్టేటట్లయితే అందులోని మీ ఫోన్ నంబరూ, చాసిస్ నంబరూ, మెకానిక్ పేరూ చెరిపేసి పెట్టండి.