క్రొత్త లారీని తెచ్చువాడు

వాడరేవు అను పేరులోనే ఆ యూరి పూర్వవృత్తాంతము ఇమిడియున్నది. వాడ యనగా ఓడ. కాలక్రమమున ఈ ప్రాంతపు సరకు ఓడలనుండి కొమ్మమూరు కాలువ పడవలకును, 1899లో బెజవాడ–మద్రాసు రైలుమార్గము పూర్తియైన పిదప రైలుపెట్టెలకును మారినది. నేడు పెక్కు భాగము లారీలపైననే పోవుచున్నది. వాడరేవు నుండి చీరాల, పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేటల మీదుగా పిడుగురాళ్ల చేరు బాట 167ఎ నంబరు జాతీయ రహదారి. ఆ బాటపై మంచులో సర్దిన చేపల పెట్టెలు, ప్రత్తి బోరెములు, మిరప టిక్కీలు ఎదురెదురుగా పోవుచుండును. చిలకలూరిపేట వద్ద ఆ బాట మద్రాసు–కలకత్తా రహదారిని కలియును. 2010లో నంబర్లు మారకముందు దానిని 5వ నంబరు రహదారి యనెడివారము; ఇప్పుడది 16వ నంబరు.

లారీలు తెచ్చు సరకును గూర్చి, వాటివలన పాడగు రోడ్లను గూర్చి పంచాయతీ సమావేశములలో తరచుగా మాటలాడుకొందుము. కాని లారీయే సరకుగా ప్రయాణము చేయు దినములు కొన్ని కలవు. కర్మాగారమునుండి బయలుదేరి, బాడీ కట్టు షెడ్డు చేరువరకు అది అమ్మకపు వస్తువే. దానిని నడిపి తెచ్చువాడు దాని యజమాని కాడు. అప్పగించిన పిమ్మట ఆ బండిపై అతడు మరల కూర్చుండుట అరుదు. అట్టివారి జీవితమును గూర్చియు, మన గ్రామములనుండి అట్టి పనికి పోవువారి విషయమున పంచాయతీ చేయదగినదానిని గూర్చియు ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

జంషెడ్‌పూరున టాటా కంపెనీ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్–బెంజ్ సహకారముతో లారీల నిర్మాణము ఆరంభించినది. పెద్దలు కొందరు బెంజి లారీ యని పిలిచినది దానినే. మద్రాసు చెంత ఎన్నూరులో 1948లో స్థాపింపబడిన అశోక్ మోటార్సు 1955లో అశోక్ లేలాండ్ అయినది. పిమ్మట హోసూరు, పుణె, లక్నో మొదలగు చోట్లను లారీల కర్మాగారములు వెలసినవి. వీటినుండి వెలువడునప్పుడు పెక్కు లారీలకు వెనుక బాడీ యుండదు. ఇంజను, చట్రము, చక్రములు మాత్రమే యుండును. దీనినే ఛాసిస్ అందురు. కొన్నిటికి కాబిన్ కూడ నుండదు.

బాడీ కట్టుపని వేరుగా జరుగుటకు కారణము కలదు. ప్రత్తి తేలిక, కాని చోటు హెచ్చుగా ఆక్రమించును. మిరప టిక్కీలను ఎత్తుగా పేర్చి పట్టా కప్పి త్రాళ్లతో బిగింపవలెను. చీమకుర్తి గ్రానైటు రాయి కొద్దిచోటనే మిక్కిలి బరువు తూగును. అందుచే కొనువాడు తన సరకునకు తగినట్లు బాడీ కట్టించుకొనును. విజయవాడలో 1960లలో నెలకొన్న జవహర్ ఆటోనగరు ఈ పనికి పేరుపొందినది. అచ్చట వడ్రంగులు, కమ్మరులు, వెల్డింగు పనివారు, రంగులు వేయువారు ఒకే బండిపై వంతులవారీగా పనిచేయుదురు. అంతయు ముగిసిన పిదప యజమాని లారీని ఊరికి తెచ్చి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, గుమ్మడికాయ కొట్టి పూజ చేయించును. ఆ నాటికి ఛాసిస్‌ను నడిపి తెచ్చినవాడు ఎచ్చటనో మరియొక బండిపై నుండును. ఆ పూజకు అతనిని పిలువవలెనని ఎవరికిని తోచదు.

జంషెడ్‌పూరులో వీరిని కాన్వాయ్ డ్రైవర్లని పిలుతురు. బండ్లు కొన్ని వరుసగా కలిసి పోవుటచే ఆ పేరు వచ్చినది. అచ్చటినుండి విజయవాడకు బాలేశ్వరము, భువనేశ్వరము, బరంపురము, విశాఖపట్టణముల మీదుగా సుమారు 1,200 కిలోమీటర్లు. సగటున గంటకు 40 కిలోమీటర్లు నడిచినను స్టీరింగు ముందు 30 గంటలు గడుపవలెను. దినమునకు ఎనిమిది గంటల చొప్పున లెక్కించిన ఇది దాదాపు నాలుగు దినముల పని. ఎన్నూరునుండి విజయవాడకు దూరము సుమారు 440 కిలోమీటర్లే గాని, అదియు 11 గంటల నడక. ఒక పగటిలో ముగియదు. ట్రిప్పుకు ఇంత యని మొత్తముగా ముట్టచెప్పు చోట్ల నాలుగు దినముల పనిని రెండు దినములలో ముగింపవలెనను ఆశ డ్రైవరుకు కలుగుట సహజము. ఆ మొత్తములోనే తిండి ఖర్చును, తిరుగుప్రయాణపు ఖర్చును ఇమిడియున్న యెడల నిద్రయే అతడు మొదట తగ్గించుకొనునది.

కాబిన్ లేని ఛాసిస్‌పై ప్రయాణమెట్లుండునో చూడనివారు ఊహింపజాలరు. పైకప్పు లేదు, ప్రక్క తలుపులు లేవు. ఆసనము తాత్కాలికముగా అమర్చినది. వేసవిలో వడగాలి ముఖమునకు నేరుగా తగులును. ముందు పోవు లారీ రేపిన దుమ్ము, కంకర కన్నులలో పడును. తలకు తువాలు చుట్టి, కన్నులకు అద్దములు పెట్టుకొని, వాన వచ్చినచో ప్లాస్టిక్ గుడ్డ కప్పుకొని నడుపుదురు. శీతకాలపు రాత్రులలో చేతులు కొంకర్లు పోవును. ఇంజను వేడిమి మాత్రము కాళ్లకు తగులుచునే యుండును. తనతో తెచ్చుకొన్న బట్టల మూటను కాళ్లచెంతనే కట్టివేయవలెను.

ప్రమాదము మరియొకటి కలదు. లారీ వెనుక కమ్మీలు టన్నులకొలది బరువును మోయుటకు తయారైనవి. బరువు లేనప్పుడు అవి వంగవు. చట్రము గుంతలో పడి ఎగిరిపడును. వెనుక చక్రములపై భారము తక్కువగుటచే గట్టిగా బ్రేకు వేసినచో అవి తిరుగుట మాని రోడ్డుపై జారును, బండి వెనుకభాగము ప్రక్కకు తిరుగును. వాననీటిపై ఇది మరింత సులభముగా జరుగును. ఖాళీ బండి నడుపుట తేలిక యని తలచుట పొరపాటు. ఇక రాత్రివేళ వెనుకనుండి వచ్చువారికి రెండు ఇనుప దూలములు తప్ప కనబడునదేమియు లేదు. వెనుక దీపములు వెలుగుటయు, ఎఱ్ఱని మెరుపు పట్టీలు అంటించుటయు అత్యవసరము. పొలిమేర రోడ్డుపై దీపములు లేక నిలిపిన ఛాసిస్‌ను చూచినచో డ్రైవరును లేపి చెప్పుట మన గ్రామస్థుల ప్రాణములకు కూడ మేలు.

ఈ స్థితి కొంత మారుచున్నది. కర్మాగారములోనే కాబిన్ అమర్చిన లారీలు నేడు విరివిగా వచ్చుచున్నవి. 2025 అక్టోబరు 1 తరువాత తయారగు, మొత్తము బరువు మూడున్నర టన్నులు మించిన సరకు వాహనముల కాబిన్లలో శీతల యంత్రము ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము నిబంధన చేసినది. కాని చల్లని కాబిన్‌లో కూర్చున్నవానికి నిద్ర రాకుండునా? పనిగంటల ప్రశ్న అట్లే నిలిచియున్నది.

పనిగంటలను గూర్చి చట్టము లేకపోలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించరాదనెను. దూరప్రయాణములకు అధికారుల అనుమతితో దినమునకు 10 గంటలవరకు వీలు కల్పించెను. ఐదు గంటల పనికి అరగంట విరామమును, ఒక దినపు పనికి మరునాటి పనికి నడుమ తొమ్మిది గంటల విశ్రాంతిని విధించెను. పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతి ఆ చట్టమును తనలో కలుపుకొన్నది. ఐరోపా దేశములలో నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవరు 45 నిమిషములు ఆగవలసినదే. అమెరికాలో 11 గంటలు నడిపినవాడు 10 గంటల విశ్రాంతి లేనిది మరల నడుపరాదు. అచ్చట బండిలోని యంత్రమే గంటలను లెక్కించును. ఇచ్చట లెక్కించువాడెవడు? కర్మాగారము వానిని తన కార్మికుడనదు, కొనువాడు తన డ్రైవరనడు. నడుమనున్న కాంట్రాక్టరుకు అతడు ఒక ట్రిప్పువరకే మనిషి.

అప్పగింత వద్ద స్టెప్నీ, జాకీ, పనిముట్లు, బ్యాటరీ లెక్క చూచుకొందురు. తాత్కాలిక రిజిస్ట్రేషను, బీమా కాగితములు తీసుకొందురు. అంతటితో ఆ ట్రిప్పు ముగిసినది. డ్రైవరుకు మాత్రము సగమే ముగిసినది. చేతిమూటతో అతడు బస్సు స్టాండునకో రైలు స్టేషనుకో నడువవలెను, లేక తిరుగుదారిన పోవు లారీలో చోటడుగవలెను. ఈ తిరుగుప్రయాణపు గంటలు ఏ పుస్తకములోను ఎక్కవు. ఫ్యాక్టరీ గేటు చేరిన వెంటనే మరియొక బండి సిద్ధముగానున్న యెడల, రైలుపెట్టెలో కూర్చుండి గడిపిన రాత్రియే అతనికి విశ్రాంతి యగును. మా దృష్టిలో ఈ వృత్తిలోని అసలు కష్టము ఇచ్చటనే యున్నది.

ఇక మన గ్రామముల సంగతి. తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మర పడవలతో సముద్రపు వేట నిషిద్ధము. ఆ దినములలో యువకులు కొందరు క్లీనర్లుగా, డ్రైవర్లుగా బాట పట్టుట కద్దు. మెట్ట గ్రామములలో మిరప కోతలు ముగిసిన పిదపను అంతే. పడవ వేటకు పోయినచో దానిపై ఎవరెవరున్నారో, ఎన్నడు తిరిగి రావలెనో తీరముననున్న వారందరును ఎరుగుదురు. రాకున్న యెడల వెదకుటకు మరికొన్ని పడవలు బయలుదేరును. లారీపై పోయినవాని విషయమున అట్టి లెక్క మన ఊళ్లలో లేదు. అతడు ఏ కాంట్రాక్టరు క్రింద పోయెనో, ఏ బండిని నడుపుచుండెనో ఇంటివారికే తెలియదు.

ఇది కేవలము బెంగకు సంబంధించిన మాట కాదు. పనిలో గాయపడిన లేక మరణించిన కార్మికునికి యజమాని పరిహారమియ్యవలెనని 1923లోనే చట్టము ఏర్పడినది. ఆ హక్కు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను నిలిచియున్నది. అయితే అతడు ఎవరి పనిమీద పోయెనో కుటుంబము చూపవలసియుండును. ఒక ట్రిప్పుకు మాత్రమే కుదిరిన మనిషి విషయమున ఇదియే కష్టము. ఒరిస్సాలో జరిగిన ప్రమాదమునకు చీరాల తాలూకా కుగ్రామములోని భార్య సాక్ష్యమెచ్చటనుండి తెచ్చును? బయలుదేరునాడు ఛాసిస్ నంబరు, ట్రిప్పు కాగితము ఫోటో తీసి ఇంటికి పంపుట రెండు నిమిషముల పని. ఆ అలవాటును సభ్యులు ప్రతి డ్రైవరింటను చెప్పి చేయింపవలెను.

పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకము తెరచుట కష్టము కాదు. డ్రైవరు పేరు, ఫోను నంబరు, కాంట్రాక్టరు పేరు, ఇంటిలో ఎవరికి కబురు చేయవలెనో ఆ వివరము, లైసెన్సు గడువు అందులో వ్రాసికొనవచ్చును. రవాణా వాహనపు లైసెన్సు ఐదేండ్లకొకమారు పునరుద్ధరింపవలెను. గడువు తీరినవాడు ప్రమాదమునకు లోనైనచో చిక్కులు పెక్కు. ఇరువది యేండ్లు నిండనివాడు రవాణా వాహనమును నడుపరాదు. క్లీనరుగా పోవుచున్నాడని చెప్పి బడి మానిన బాలుని పేరు ఎవరైన వ్రాయించ వచ్చినచో, ఆ పుస్తకమును మూసి వానిని బడికి పంపు మార్గము చూడవలెను.

రహదారి ప్రక్క గ్రామములకు మరియొక పని కలదు. బండ్ల స్టాండ్లు, మజిలీ స్థలములు ఏర్పరచుటకు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామ పంచాయతీకి అధికారమిచ్చినది. మోటారు వాహనములును అందులో చేరును. జాతీయ రహదారి అంచు పంచాయతీది కాదు గనుక, కొంత లోపలికి తన స్వంత స్థలముననే దీనిని ఏర్పరుపవలెను. గట్టి నేల, ఒక దీపము, నీటి కుళాయి, స్నానమునకు మరుగు, మరుగుదొడ్డి యున్న చాలును. పొలిమేరలో స్వాగత తోరణము కట్టుటకు వెచ్చించు సొమ్ముతో ఇందు చాలవరకు సమకూరునని మా యభిప్రాయము. చట్టము ప్రకారము రుసుము వసూలు చేయవచ్చును. కాని రుసుము హెచ్చించిన యెడల బండ్లు మరల రోడ్డు అంచుననే నిలుచును.

ప్రమాదము జరిగినచోట మొదట చేరువారు సమీప గ్రామస్థులే. బోల్తాపడిన లారీ చుట్టు మూగినవారిలో కొందరు చెదరిన సరకు ఏరుకొనుట మనము చూడనిది కాదు. కాబిన్‌లో మనిషి యున్నాడా యని మొదట చూచుట సభ్యులే ముందుండి నేర్పవలెను. అంబులెన్సునకు 108, అత్యవసర సహాయమునకు 112, జాతీయ రహదారులపై 1033 నంబర్లు కలవు. గాయపడినవానిని ఆసుపత్రి చేర్చినవానిపై కేసు పెట్టరాదనియు, పేరు చెప్పుమని నిర్బంధింపరాదనియు 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినారు. పోలీసు భయముతో వెనుకాడువారికి ఈ సంగతి తెలియదు. 2025లో అమలునకు వచ్చిన కేంద్ర పథకము ప్రకారము రోడ్డు ప్రమాద బాధితునికి ఏడు దినములవరకు, లక్షా యేబదివేల రూపాయలవరకు నగదు చెల్లింపు లేని చికిత్స లభించును. పరరాష్ట్రపు డ్రైవరు చేతిలో డబ్బు లేనప్పుడు ఆసుపత్రివారికి ఈ మాట గుర్తుచేయుట ఎంతయు ఉపకారము.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన క్రింద 18 మొదలు 70 యేండ్లవరకు వయసుగలవారు ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా పొందవచ్చును. దాని సంవత్సరము జూన్ 1న ఆరంభమై మే 31న ముగియును. చందా బ్యాంకు ఖాతానుండి తానే కోయబడును. ఆ సమయమున ఖాతాలో సొమ్ము లేనిచో బీమా ఆగిపోవును. వేట నిషేధము ఆరంభమగు ఏప్రిల్ నడుమనుండి మే చివరివరకు ఆరు వారములకు పైగా వ్యవధి యున్నది. బాట పట్టువారి పేర్లు పుస్తకమున వ్రాయునాడే, ఒక్కొక్కరి ఖాతాలో 20 రూపాయలు నిలువయున్నవో లేవో అడిగి తెలిసికొనవచ్చును.