కంటి ముందు నల్లటి దారాలు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మగ్గం నేస్తాను. వారంగా కుడికంటి ముందు నల్లటి దారాలు తేలుతున్నాయి. నొప్పి లేదు, చూపు మసకేసింది. మగ్గం పని వల్లేనా?
– ఓ పాఠకుడు, ఎమ్మిగనూరు

జవాబు: మగ్గం తప్పేమీ లేదు. మీ వయసు మగవాళ్లలో ఇలా ఉంటే ఈల్స్ వ్యాధిని అనుమానిస్తాం. మన దేశంలో ఇది ఎక్కువే. రెటీనా రక్తనాళాలు వాచి మూసుకుపోతాయి. తర్వాత పుట్టే కొత్త నాళాలు బలహీనంగా ఉండి చిట్లుతాయి. మీకు కనిపించే దారాలు ఆ నెత్తురే కావచ్చు. రెటీనా చిరిగినా ఇలాగే ఉంటుంది, అందుకే ఆలస్యం చేయొద్దు.

చుక్కల మందు వేసి రెండు కళ్లూ పరీక్షిస్తారు. క్షయ పరీక్షలూ చేయించుకోండి, ఈ జబ్బుకు దానితో సంబంధం కనిపిస్తుంది. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా కొని మింగకండి, లోపల క్షయ ఉంటే ముదురుతుంది. సకాలంలో లేజర్ చేస్తే చాలామందికి చూపు నిలుస్తుంది. అంతవరకూ తల ఎత్తులో పెట్టి పడుకోండి, బరువులు ఎత్తకండి.

రేపే కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్లండి. చూపుకు తెర అడ్డం పడినట్టయితే రేపటిదాకా కూడా ఆగకండి.