రంగు వేయకముందే తెలుసుకోవాల్సిన మాటలు

న్యూజెర్సీలో ఉంటున్న మా అన్నయ్య రెండేళ్ల క్రితం సెలవులకు వచ్చినప్పుడు, మా అబ్బాయికి ఒక పాత లయొనెల్ బొమ్మ రైలింజను తెచ్చాడు. వాళ్ల పక్కింటి పెద్దాయన చిన్నప్పుడు ఆడుకున్నదట. అక్కడక్కడా గీతలు పడి, నలుపు కాస్త వెలిసింది. పుట్టినరోజుకు మెరిసిపోవాలని నేను దానికి కొత్త రంగు వేయించాను. ఆ తర్వాత ఒకరోజు, ఇంజను క్యాబ్ మీద నంబరెంతో చూసి చెప్పమని పెద్దాయన అడిగారని అన్నయ్య ఫోన్ చేశాడు. చూస్తే నంబరు రంగు కింద ఉండిపోయింది.

ఆ సిగ్గుతోనే ఈ అభిరుచికి సంబంధించిన మాటలు నేర్చుకున్నాను. మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

కాలం: లయొనెల్ సంస్థ 1900లో న్యూయార్క్‌లో మొదలైంది. యుద్ధం వల్ల 1942లో తయారీ ఆగిపోయేవరకు వచ్చిన రైళ్లను ‘ప్రీవార్’ అంటారు. 1945 నుంచి 1969 వరకు వచ్చినవి ‘పోస్ట్‌వార్’. తయారీ హక్కులు జనరల్ మిల్స్ చేతికి వెళ్లాక, 1970 నుంచి వచ్చినవి ‘మోడరన్’. పెట్టెలను కలిపే కొక్కెం ఒక ఆనవాలు. మడిచిన వేళ్లలా ఉండే ‘నకిల్ కప్లర్’ను లయొనెల్ 1945లో తెచ్చింది. అది ఉంటే సాధారణంగా ప్రీవార్ రైలు కాదనుకోవచ్చు.

గేజ్, స్కేల్: ఈ రెండూ ఒకటి కావు. గేజ్ అంటే పట్టాల మధ్య దూరం. బ్రాడ్‌గేజ్, మీటర్‌గేజ్ మనకు తెలిసినవే. స్కేల్ అంటే అసలు రైలులో బొమ్మ ఎన్నో వంతు అన్నది. ‘హెచ్‌ఓ’, ‘డబుల్ ఓ’ రైళ్లు రెండూ 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే నడుస్తాయి. కానీ మొదటిది 87వ వంతు, రెండోది 76వ వంతు. పట్టాలు సరిపోయినంత మాత్రాన పక్కపక్కన పెడితే పరిమాణం కుదరదు.

స్థితి: అమెరికాలో 1954లో ఏర్పడిన ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ వాడే వరుస ఇది: మింట్, లైక్ న్యూ, ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్. ‘గుడ్’ అని చూసి మురిసిపోకండి. గీతలు, చిన్న సొట్టలు, మురికి ఉన్నవాటికి ఆ మాట వాడతారు. పాతదాన్ని బాగుచేసి రంగు వేస్తే ‘రిస్టోర్డ్’. పాతదాని నమూనాలో కొత్తగా చేస్తే ‘రీప్రొడక్షన్’. కొన్నప్పటి అట్టపెట్టె ఉంటే దానికీ విలువ ఉంటుంది.

సేకరించేవారికి గీతలున్న అసలు రంగే ముఖ్యం. పాత దస్తావేజులో వెలిసిన అక్షరాలను కొత్త సిరాతో దిద్దమని మనం ఏ ఖాతాదారుకూ చెప్పం కదా! నేను చేసింది సరిగ్గా అదే. పాత బొమ్మ చేతికొస్తే మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, నంబరు రాసుకుని, ఫొటో తీసి ఉంచండి. మిగతాది తెలిసినవారిని అడిగాకే.

పెద్దాయనకు జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. ఇంజను నడుస్తోందా అని మాత్రం అడిగారట. నడుస్తోంది. మా అబ్బాయి ఒక చీటీ మీద ‘రిస్టోర్డ్, రంగు వేయించింది నాన్న’ అని తేదీతో సహా రాసి డబ్బాలో పెట్టాడు. రేపు ఎవరి చేతికి వెళ్లినా వాళ్లు మోసపోకూడదు కదా.