సెల్ఫ్ రైజింగ్ పిండి లేకుండా కేక్ పొంగేదెలా?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఊరు ఉసూర్. అక్కడ ఓ ఇంట్లో పిల్లల పుట్టినరోజుకు కేక్ చేస్తున్నారనుకుందాం. తయారీ విధానంలో ‘సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్’ అని ఉంది. ఇంట్లో ఉన్నది మామూలు మైదా. దాన్నే వాడితే కేక్ సరిగా పొంగక గట్టిపడుతుంది. గుడ్లు, చక్కెర, వెన్న వృథా. రెండు పిండుల మధ్య తేడా తెలిస్తే ఈ నష్టం తప్పుతుంది.

ఏమిటీ పిండి?

మైదాలో బేకింగ్ పౌడర్, కొద్దిగా ఉప్పు ముందే కలిపి అమ్మేదే సెల్ఫ్ రైజింగ్ పిండి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌కు చెందిన హెన్రీ జోన్స్ 1845లో దీనికి పేటెంట్ పొందాడు. ఓడల్లో నావికులకు ఈస్ట్ అవసరం లేకుండా తాజా రొట్టె అందాలన్నది ఆయన ఆలోచన.

ఎలా పొంగుతుంది?

బేకింగ్ పౌడర్‌లో వంట సోడా, పొడి రూపంలోని ఆమ్లం ఉంటాయి. తడి, వేడి తగిలితే అవి చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తాయి. ఆ బుడగలే పిండిని పొంగిస్తాయి. మైసూర్ బోండాలో పుల్ల పెరుగు, వంట సోడా కలిసి చేసే పని ఇదే.

సోడా ఒక్కటే వేస్తే చాలదా?

చాలదు. 84 గ్రాముల సోడాకు తగినంత ఆమ్లం తోడైతే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కేవలం వేడితో అయితే 22 గ్రాములే. పైగా సోడియం కార్బనేట్, అంటే చాకలి సోడా, మిగిలి కేక్‌కు సబ్బు రుచి వస్తుంది.

ఇంట్లో కొలత

• ఒక కప్పు (సుమారు 125 గ్రాములు) మైదాకు ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించాలి.

• బేకింగ్ పౌడర్ దొరకకపోతే పావు టీస్పూన్ వంట సోడా, అర కప్పు పుల్ల పెరుగు వాడవచ్చు. ఆ మేరకు పాలు తగ్గించాలి.

తిరగేస్తే?

మైదాకు బదులు సెల్ఫ్ రైజింగ్ పిండి వాడితే, విడిగా చెప్పిన బేకింగ్ పౌడర్, ఉప్పు మానేయాలి. లేదంటే గ్యాస్ ఎక్కువై కేక్ ముందు పొంగి, తర్వాత మధ్యలో కుంగుతుంది. ఈస్ట్‌తో చేసే రొట్టెలకు మామూలు పిండే మేలు.

వానాకాలంలో గాలిలోని తేమకే బేకింగ్ పౌడర్ శక్తి కోల్పోవచ్చు. వాడేముందు అర టీస్పూన్ పొడిని వేడి నీటిలో వేసి చూడండి. బుసబుసా పొంగితే కేక్ మొదలుపెట్టవచ్చు.